ఆవు నుంచి మనిషికి, చేతి నుంచి చేతికి

మైసూరు రాజకుటుంబానికి సంబంధించిన ఒక పాత తైలవర్ణ చిత్రం ఉంది. 1805 ప్రాంతంలో థామస్ హికీ అనే ఐర్లండు చిత్రకారుడు వేశాడు. అందులో ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. ఒళ్ళంతా నగలు, పట్టుచీరలు. చాలాకాలం వరకు వీళ్ళు ఎవరో నాట్యగత్తెలని అనుకునేవారు. 2001లో నైజెల్ చాన్సలర్ అనే కేంబ్రిడ్జి చరిత్రకారుడు అది కాదన్నారు. కుడివైపు ఉన్న చిన్న వయసు అమ్మాయి మూడవ కృష్ణరాజ ఒడెయరు చిన్న రాణి దేవాజమ్మణి అని, ఎడమవైపు ఉన్నది పెద్ద రాణి అని (ఆమె పేరు కూడా దేవాజమ్మణే), మధ్యలో ఉన్నది రాజుగారి నాయనమ్మ వరసైన లక్ష్మమ్మణి అని ఆయన వాదన.

ఆ కాలంలో రాజవంశపు ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందు నిలబడి బొమ్మ వేయించుకోవడమే పెద్ద విషయం. అంతకంటే పెద్ద విషయం చిన్న రాణి చేయి. ఆమె చీర కొంగు కొంచెం పక్కకి జరిపి, భుజం కింద ఒక చోటు చూపిస్తున్నట్టు నిలబడింది. అది టీకా వేసిన చోటు అని చాన్సలర్ అంటారు. పెద్ద రాణి ముక్కు, మూతి చుట్టూ చర్మం రంగు కొంచెం తేడాగా ఉంటుంది. అది పాత పద్ధతి గుర్తు అట. ఆ పద్ధతి ఏమిటో కింద చెబుతాను. అంటే ఈ బొమ్మ ఒక రకంగా టీకా ప్రచారం బొమ్మ. ఇప్పుడు పల్స్ పోలియోకి సినిమా స్టార్ల బొమ్మలు పెడతారు కదా, అలాంటిది. చాన్సలర్ చెప్పింది అందరూ ఒప్పుకోవాలని లేదు, పటం మీద పేర్లు రాసి లేవు. కానీ ఆయన చెప్పిన కారణాలు నాకు సరిగానే అనిపించాయి. రాణి టీకా వేయించుకున్న సంగతి, అది చూసి జనం ముందుకు వచ్చిన సంగతి 1806 నాటి రికార్డులో ఉందట.

ఈ వ్యాసం మశూచి గురించే అయినా, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే. సైన్సు పాఠంలో చర్మం మన శరీరానికి కోట గోడ అని చదువుకున్నాం. నా శరీరం వేరు, మీ శరీరం వేరు. మనిషి వేరు, ఆవు వేరు. టీకా ఈ రెండు గీతల్నీ దాటింది. ఆవు ఒంట్లోది మనిషి ఒంట్లోకి వచ్చింది, ఒక మనిషి చేతిలోది ఇంకో మనిషి చేతిలోకి వెళ్ళింది. మన దేశంలో ఈ రెండు గీతలూ ఉత్త జీవశాస్త్రం గీతలు కావు. ఒకటి మతం, రెండోది కులం. అందుకే టీకా చరిత్ర చదివితే డాక్టర్ల చరిత్ర మాత్రమే కనిపించదు.

ముందు జబ్బు సంగతి. మశూచి అన్న మాట సంస్కృతంలో మసూరిక నుంచి వచ్చింది. మసూరం అంటే ఎర్ర కందిపప్పు లాంటి గింజ, పొక్కులు ఆ గింజల్లా ఉంటాయని ఆ పేరు. మన ఊళ్ళలో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. అమ్మవారు పోసింది అనేవారు. మా అవ్వది ముళబాగిలు దగ్గర పల్లె. ఇప్పటికీ ఆమె జబ్బు పేరు చెప్పదు, "ఆ తల్లి" అంటుంది. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, పోపు పెట్టకుండా వండి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా చూసేవాళ్ళట. ఇప్పుడు ఆలోచిస్తే, రోగిని విడిగా ఉంచడం అనే మంచి పని భక్తి పేరుతో జరిగింది. జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి ముప్పై మంది దాకా చనిపోయేవారు. బతికినవాళ్ళలో కొందరికి చూపు పోయేది, చాలామందికి మొహం నిండా గుంటలు మిగిలేవి. కానీ ఒకసారి వచ్చి బతికితే మళ్ళీ రాదు. ఈ ఒక్క సంగతి గమనించడం వల్లే మిగతా కథంతా జరిగింది.

టీకా ఇంగ్లండు నుంచి వచ్చింది అని మనం చదువుకుంటాం. సగం నిజం. టీకా అన్న మాటే అంతకు ముందు నుంచి మన దేశంలో ఉంది. బెంగాలు వైపు టీకాదార్లు అనేవాళ్ళు ఊరూరూ తిరిగి, మశూచి పొక్కులోని చీమును సూదితో గీరి ఇంకొకరి చేతికి ఎక్కించేవారు. హాల్వెల్ అనే ఇంగ్లీషు డాక్టరు 1767లో దీని గురించి పుస్తకం రాశాడు. చైనాలో ఎండిన పొక్కుల పొడిని ముక్కులోకి ఊదేవారు. మైసూరు పెద్ద రాణి ముక్కు దగ్గర కనిపించే మచ్చ అలాంటి పద్ధతి వల్ల వచ్చిందని చాన్సలర్ ఊహ. ఇలా ఎక్కిస్తే వచ్చేది అసలు మశూచే, కాకపోతే తక్కువగా వస్తుంది. నూటికి ఒకరో ఇద్దరో చనిపోతారు. నూటికి ముప్పై కంటే ఇది ఎంతో నయం. కానీ ఎక్కించుకున్న మనిషి నుంచి పక్కవాళ్ళకి అసలు జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. ఇందులో దాటింది ఒక గీతే, మనిషికీ మనిషికీ మధ్య ఉన్నది.

రెండో గీత దాటింది 1796 మే 14న. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అనే పల్లెటూరి డాక్టరు, సారా నెల్మ్స్ అనే పాలుపితికే అమ్మాయి చేతి మీది పొక్కు నుంచి రసం తీసి, తన తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్‌కి ఎక్కించాడు. ఆ పిల్లవాడికి 8 ఏళ్ళు. సారాకి ఆ పొక్కులు బ్లాసమ్ అనే ఆవు పొదుగు నుంచి అంటుకున్నాయి. ఇది గోమశూచి, మనిషికి పెద్దగా హాని చేయదు. కొన్ని వారాల తర్వాత, జూలైలో, జెన్నర్ అదే పిల్లవాడికి అసలు మశూచి చీము ఎక్కించి చూశాడు. జబ్బు రాలేదు. లాటిన్‌లో ఆవుని వాకా అంటారు, వ్యాక్సిన్ అన్న మాట అందులోంచే పుట్టింది. ఆవు అమ్మాయికి ఇచ్చింది, అమ్మాయి అబ్బాయికి ఇచ్చింది. అబ్బాయిని ఎవరూ అడగలేదు. ఈ కథ పుస్తకాల్లో చదివినప్పుడల్లా జెన్నర్ ధైర్యం గురించే రాస్తారు. రాకపోయి ఉంటే సరే, వచ్చి ఉంటే? జేమ్స్ ఫిప్స్ ధైర్యం గురించి కూడా ఒక వాక్యం రాయాల్సింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో ఫ్రిజ్ లేదు. గోమశూచి రసం ఎండకి చెడిపోతుంది. అది బతికి ఉండాలంటే బతికి ఉన్న శరీరం కావాలి. ఒక పిల్లవాడికి వేస్తే దాదాపు ఎనిమిదో రోజుకి పొక్కు నిండుతుంది, ఆ రసం తీసి ఇంకో పిల్లవాడికి వేయాలి, మళ్ళీ ఎనిమిది రోజులకి ఇంకొకడికి. మధ్యలో గొలుసు తెగితే టీకా పోయినట్టే. స్పెయిన్ ప్రభుత్వం 1803లో ఓడలో 22 మంది అనాథ పిల్లల్ని ఎక్కించి అమెరికా ఖండానికి పంపింది. దారి పొడవునా ఇద్దరిద్దరు పిల్లలకి వరసగా టీకా వేస్తూ వెళ్ళారు. పిల్లలే సీసాలు అన్నమాట.

మన దేశానికి వచ్చిన దారి ఇంకా పెద్దది. వియన్నా నుంచి డి కారో అనే డాక్టరు రసంలో ముంచిన దారాలు పంపితే అవి బాగ్దాదు చేరాయి, అక్కడి నుంచి బాస్రా, బాస్రా నుంచి ఓడలో బొంబాయి. 1802 జూన్ 14న బొంబాయిలో ఆనా డస్థాల్ అనే 3 ఏళ్ళ పాపకి టీకా వేశారు. భారతదేశంలో మొదటి టీకా ఇదే. ఆ పాప చేతి నుంచి తీసిన రసం మరి కొందరు పిల్లలకి, వాళ్ళ నుంచి మరి కొందరికి, అలా పూనా, సూరత్, హైదరాబాదు, మద్రాసు చేరింది. అంటే ఆ మొదటి ఏళ్ళలో దక్షిణాదిలో ఎవరికి టీకా వేసినా దాని మూలం ఆ మూడేళ్ళ పాప చేయి. ఒక రకంగా మైసూరు రాణి చేయి కూడా. మధ్యలో ఎంతమంది పిల్లలు ఉన్నారో, వాళ్ళ పేర్లేమిటో, వాళ్ళు ఏ ఇంటి పిల్లలో లెక్క లేదు. ఆనా పేరు మిగిలింది మొదటిది కాబట్టి.

ఇప్పుడు జనం ఎందుకు ఒప్పుకోలేదో ఆలోచించండి. మామూలుగా మన పుస్తకాల్లో "మూఢనమ్మకాల వల్ల ప్రజలు టీకాను వ్యతిరేకించారు" అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. అది అంత సులువు కాదు. అప్పట్లో టీకా రసం ముందుగా ఎవరి చేతుల నుంచి దొరికేది? కంపెనీ వాళ్ళు సులభంగా పట్టుకోగలిగిన వాళ్ళ నుంచి. అంటే తెల్లవాళ్ళకీ మనవాళ్ళకీ పుట్టిన పిల్లలు, పేదవాళ్ళ పిల్లలు, అంటరానివారు అని దూరం పెట్టినవాళ్ళ పిల్లలు. వాళ్ళ నీడ కూడా పడకూడదు అనే మనిషి చేతిలోకి వాళ్ళ ఒంటి రసం వెళ్ళాలి. తాగే నీళ్ళ దగ్గర, వేరే బావి దగ్గర గీసిన గీత ఇక్కడ చర్మం లోపలికి వచ్చేసింది. పెద్ద కులాల వాళ్ళు దీన్ని ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళ భయం న్యాయమైనదని నేను అనడం లేదు. వాళ్ళకి విషయం అర్థం కాలేదు అనడం మాత్రం తప్పు, చాలా బాగా అర్థమైంది.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. రసం ఇవ్వాల్సిన పిల్లల తల్లిదండ్రులకి కూడా కోపమే. ఎనిమిదో రోజు వచ్చి పొక్కు చిదిమి రసం తీస్తారు, పిల్లవాడు ఏడుస్తాడు. మా అవ్వ వాళ్ళ కాలానికి ఈ పద్ధతి పోయింది, అయినా టీకాలవాళ్ళు వస్తున్నారంటే పిల్లల్ని ఇళ్ళలో దాచేవాళ్ళని ఆమె చెప్పింది. అంతకు ముందు తరాల నుంచి వచ్చిన భయం అయ్యుండొచ్చు అని నాకు అనిపిస్తుంది. పైగా ఆ భయానికి కారణం ఉంది. చేతి నుంచి చేతికి వెళ్ళేటప్పుడు టీకా ఒక్కటే వెళ్ళదు. 1861లో ఇటలీలోని రివాల్టా అనే ఊళ్ళో ఒక పిల్లవాడి నుంచి తీసిన రసం వేస్తే నలభై మందికి పైగా పిల్లలకి సవాయి రోగం అంటుకుంది. గీత దాటే దారి తెరిస్తే, మనం అనుకున్నది ఒక్కటే దాటదు కదా.

ఒప్పించడానికి తెల్లవాళ్ళు చేసిన ప్రయత్నాలు కొన్ని తమాషాగా ఉంటాయి. మద్రాసులో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే కలెక్టరు ఉండేవాడు. తెలుగువాళ్ళు ఈయన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని, తమిళం కన్నడం లాంటి భాషలతో ఒక కుటుంబమని 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటలో నిరూపించింది ఈయనే. ఆ ఎల్లిసే తమిళంలో ఒక పురాణం లాంటి కథ రాశాడు. అందులో అమ్మవారు ధన్వంతరితో మాట్లాడుతూ గోమశూచి గురించి చెబుతుంది. పాలు, పెరుగు, నెయ్యి, మూత్రం, పేడ, ఈ పంచగవ్యాల సరసన ఆవు ఇచ్చే ఇంకో వరంలాగా టీకాని నిలబెట్టాడు. కథ తెలివైనదే. ఆవు మనకి పవిత్రం కాబట్టి ఆ గీత దాటడం సులువు అని ఆయన అనుకున్నాడు. మనిషి నుంచి మనిషికి అన్న సంగతి మాత్రం కథ వెనక దాచాడు. ఎక్కువ అభ్యంతరం ఉన్నది అక్కడే.

1880ల తర్వాత మెల్లగా పద్ధతి మారింది. మనిషి చేతి బదులు దూడ. దూడని బల్లకి కట్టి, పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, చర్మం మీద గీతలు గీసి టీకా రసం పూస్తారు. నాలుగైదు రోజులకి పొక్కులు లేస్తాయి. వాటిని గీరి తీసి, నూరి, గ్లిజరిన్‌లో కలిపి చిన్న గొట్టాల్లో నింపి పంపుతారు. మద్రాసు శానిటరీ కమిషనరు డబ్ల్యూ. జి. కింగ్ మన ఎండలకి తట్టుకోవాలని గ్లిజరిన్ బదులు లానొలిన్‌లో కలిపే పద్ధతి తెచ్చాడు. లానొలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు. అంటే దూడ ఒంటి రసం, గొర్రె ఒంటి జిడ్డు, మనిషి చేయి. మూడు జంతువులు ఒక గొట్టంలో. ఆయన పేరు మీదే గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అది మొదలైంది టీకా రసం డిపోగానే. అప్పట్లో కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలోనే ఉండేవి.

దూడ వచ్చాక కులం గొడవ తగ్గింది. ఒకరి రసం ఇంకొకరికి పోదు. కానీ మతం గొడవ పెరిగింది. దూడని అలా గీరడం హింస అని, ఆవు రక్తమాంసాలు ఒంట్లోకి ఎక్కించుకోవడం పాపం అని చాలామంది అన్నారు. గాంధీగారు కూడా ఆరోగ్యం గురించి రాసిన పుస్తకంలో టీకాని గట్టిగా వ్యతిరేకించారు. అది గోమాంసం తిన్నట్టే అన్నది ఆయన అభిప్రాయం. గాంధీగారంటే నాకు గౌరవం ఉంది, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఆయన పక్షం కాదు.

ఇంకో వింత ఉంది. ఆ దూడల మీద ఇన్నేళ్ళు పెంచింది గోమశూచి కూడా కాకపోవచ్చు. పాత టీకా గొట్టం ఒకటి, 1902లో అమెరికాలో తయారైనది, ఇటీవల పరీక్షిస్తే అందులో ఉన్నది గుర్రపు మశూచికి చాలా దగ్గరి వైరస్ అని 2017లో ప్రకటించారు. జెన్నర్ కూడా ఈ రోగం ముందు గుర్రాల కాళ్ళ నుంచి ఆవులకి వచ్చిందేమో అని అనుమానించాడు. ఆవు పేరు పెట్టుకుని గుర్రానిది వేయించుకున్నాం అన్నమాట! ఎల్లిస్ కథ, గాంధీగారి అభ్యంతరం, రెండూ ఆవు మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు మన బెంగళూరుకి వస్తాను. మైసూరు సంస్థానం తన టీకా రసాన్ని బెంగళూరులో తయారు చేయించేది. ఆ పనిలో ఉన్న డాక్టర్లలో ఒకరు డాక్టర్ పల్పు. పూర్తి పేరు పద్మనాభన్ పల్పు. 1863లో తిరువనంతపురంలో పుట్టారు, కులం ఈళవ. ఈళవలని అక్కడ అంటరానివాళ్ళలా చూసేవారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి డాక్టరై సొంత రాజ్యం తిరువాంకూరులో ఉద్యోగం అడిగితే, కులం వల్ల ఇవ్వలేదు. కల్లు గీసే కులం వాడివి, ఆ పని చేసుకో అన్న ధోరణి. అప్పుడు ఆయన మైసూరు సర్కారు కొలువులో చేరి బెంగళూరు వచ్చారు. 1896లో ఈళవలకి చదువు, ఉద్యోగాలు కావాలని 13,176 మంది సంతకాలతో తిరువాంకూరు మహారాజుకి అర్జీ పెట్టింది కూడా ఆయనే, అప్పుడు కూడా మైసూరు ఉద్యోగిగా ఉంటూనే.

ఒక్కసారి ఊహించుకోండి. తన ఊళ్ళో ఆయన ఫలానా వీధిలో నడవకూడదు, గుడి దగ్గరికి రాకూడదు, ఆయన నాడి పట్టుకుంటే మైలు. ఇక్కడ బెంగళూరులో ఆయన చేతుల మీదుగా తయారైన రసం బ్రాహ్మణ అగ్రహారాలకీ, గౌడల ఇళ్ళకీ, మాదిగ కేరీలకీ ఒకే గొట్టంలో వెళ్ళింది. గొట్టం మీద కులం రాసి ఉండదు కదా. నేను చదివిన చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది. అయితే ఇందులో పల్పుగారికి కలిగిన సంతోషం ఎంతో, కోపం ఎంతో ఆలోచిస్తే రెండోదే ఎక్కువ అయ్యుంటుంది. తీసుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఒప్పుకోలేదు.

1898 ఆగస్టులో బెంగళూరుకి ప్లేగు వచ్చింది. హుబ్బళ్ళి నుంచి రైల్లో వచ్చిన మనిషితో వచ్చిందని చెబుతారు. ప్లేగు ఎలుకలది, ఎలుక చస్తే దాని మీది ఈగలాంటి చిన్న పురుగు మనిషిని కుడుతుంది. పల్పుగారు ప్లేగు క్యాంపుల్లో పనిచేశారు. ఎలుకకీ మనిషికీ మధ్య దూరం పెంచాలని ఊరి బయట వెడల్పు వీధులతో కొత్త పేటలు కట్టారు. మల్లేశ్వరం, బసవనగుడి అలా వచ్చాయి. ఊళ్ళో జనం ప్లేగుకి కూడా అమ్మవారిని నిలబెట్టారు, ప్లేగు మారమ్మ గుళ్ళు బెంగళూరులో ఇప్పటికీ ఉన్నాయి. ప్లేగు కథ వేరే వ్యాసం అంత ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆపుతాను. ఒక్క మాట చెప్పాలి. జబ్బులు గీత దాటడానికి మన అనుమతి అడగవు. 1957లో మన కర్ణాటకలోనే శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోయాయి, ఆ తర్వాత అడవికి వెళ్ళిన మనుషులకి జ్వరం వచ్చింది. మంగనకాయిలె అంటారు కన్నడంలో. అడవిలో ఉండే పిడుదులు దాన్ని మోస్తాయి. ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు.

మరి మశూచి ఎలా పోయింది? 1975 మే తర్వాత మన దేశంలో కేసు లేదు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమి మీద లేదని ప్రకటించింది. దీనికి టీకా ఒక కారణం, ఊరూరూ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు ఇంకో కారణం. మూడో కారణం మనం మర్చిపోతాం. మశూచి వైరస్ మనిషి ఒంట్లో తప్ప ఎక్కడా బతకదు. ఎప్పుడో వేల ఏళ్ళ కింద ఎలుకల లాంటి జంతువుల నుంచి మనిషికి దాటి ఉంటుందని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. దాటి వచ్చాక తిరిగి వెళ్ళలేదు. దాక్కోవడానికి దానికి అడవిలో కోతి లేదు, కన్నంలో ఎలుక లేదు. మనుషులందరి దగ్గరా దారి మూసేస్తే అది అయిపోయింది. క్యాసనూరు జ్వరాన్ని అలా తుడిచేయలేం. మశూచి గీత ఇవతలే చిక్కుకుపోయింది కాబట్టి ఓడిపోయింది, దాన్ని ఓడించింది మాత్రం గీత దాటి వచ్చిన జంతువు వైరస్.

మా అవ్వ చేతి మీద పావలా బిళ్ళంత మచ్చలు రెండు ఉన్నాయి. చిన్న చక్రం లాంటి ముల్లు చేతి మీద పెట్టి గిర్రున తిప్పేవాళ్ళని, వారం రోజులు చేయి ఎత్తలేకపోయానని చెప్పింది. అవి మశూచి టీకా మచ్చలు. మా నాన్నకి ఒకటి ఉంది. మా తరంలో ఎవరికీ లేదు. మా క్లాసులో ఇద్దరు ముగ్గురికి తప్ప అందరికీ ఎడమ భుజం మీద ఉన్న చిన్న మచ్చ వేరేది, అది బి.సి.జి., క్షయ టీకా.

బి.సి.జి. కూడా ఆవుదే. ఆవులకి క్షయ తెచ్చే బాక్టీరియాని ఫ్రాన్సులో కాల్మెట్, గేరిన్ అనే ఇద్దరు 1908 నుంచి 13 ఏళ్ళ పాటు, ఆవుపిత్తంలో నానిన ఆలుగడ్డ ముక్కల మీద, మార్చి మార్చి 230 సార్లు పెంచారు. దాని బలం అలా తగ్గింది. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకి ఇచ్చారు. మన దేశంలో ఇది 1948లో మొదలైంది, మొదటి చోట్లలో ఒకటి మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం అప్పటికే క్షయ వైద్యానికి పేరు. మదనపల్లె మనకి ఎంత దూరం, ముళబాగిలు దాటితే వస్తుంది. తర్వాత 1959లో జాతీయ క్షయ సంస్థని బెంగళూరులో పెట్టారు, బళ్ళారి రోడ్డులో మైసూరు మహారాజుల అవలాన్ అనే బంగళాలో. రాజుగారి చిన్న రాణి టీకా వేయించుకున్న 150 ఏళ్ళ తర్వాత, ఆ వంశం ఇల్లు దేశం మొత్తానికి క్షయ పని నేర్పే చోటు అయింది.

బి.సి.జి.కి కూడా వ్యతిరేకత వచ్చింది. 1955లో రాజాజీ దాన్ని వ్యతిరేకిస్తూ చిన్న పుస్తకమే వేశారు. ఆయన చెప్పినవన్నీ సరి కావు. కానీ 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలుపెట్టిన పెద్ద పరిశీలనలో, బి.సి.జి. పెద్దవాళ్ళకి వచ్చే ఊపిరితిత్తుల క్షయని ఆపలేదని తేలింది. చిన్నపిల్లలకి మెదడుకి పాకే క్షయ నుంచి మాత్రం కాపాడుతుంది, అందుకే పుట్టిన వెంటనే వేస్తున్నారు. క్షయ ఇంకా మన మధ్యే ఉంది, మా వీధిలోనే మందులు వాడుతున్నవాళ్ళు ఉన్నారు. మశూచికి దొరికినంత తేలిక దారి దీనికి ఇంకా దొరకలేదు. దానికి మంచి టీకా కోసం మన దేశంలో ఇప్పుడు కూడా పరీక్షలు జరుగుతున్నాయి.